స్కూబా రెగ్యులేటర్‌కి వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్ బిగించుకోవడం ఎలా

సిలిండర్‌లో ఎంత గాలి ఉందో మణికట్టు కంప్యూటర్‌కి పంపే ఈ ట్రాన్స్‌మిటర్ బిగించడానికి పది నిమిషాలు చాలు. దాన్ని రెగ్యులేటర్ మీద ఏ పోర్టుకి, అంటే ఏ మర రంధ్రానికి బిగించాలో తేల్చుకోవడానికి మాత్రం ఒక సాయంత్రం కేటాయించండి. సిలిండర్, బీసీడీ (గాలి నింపుకునే డైవింగ్ జాకెట్), రెగ్యులేటర్ మూడూ ఇంట్లోనే సెట్ చేసి, వీపుకి తగిలించుకుని, తల వెనక్కి వంచి, చెయ్యి వెనక్కి పోనిచ్చి చూశాకే స్పానర్ బయటికి తియ్యండి. నేను చూసినంతలో పాడైన ట్రాన్స్‌మిటర్లు ఎక్కువగా నీళ్లలో పాడైనవి కావు. పడవ మీద ఎవరో పిడి అనుకుని పట్టుకుని సిలిండర్ లేపినప్పుడు విరిగినవి. కాబట్టి ఈ పనిలో ముందు ఆలోచించాల్సింది ఎవరి చెయ్యి ఎక్కడ పడుతుందన్నది. మర తిప్పడం తర్వాత సంగతి.

నేను పరవాడ దగ్గర ఒక ఫార్మా ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ అనే వస్తువుతో మాకు రోజూ పనే. సముద్రం నెమ్మదిగా ఉన్న నెలల్లో సెలవు దొరికితే రుషికొండ, నాలుగు రోజులు దొరికితే అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్. విశాఖలో కొత్తగా సొంత రెగ్యులేటర్ కొనుక్కుంటున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే, అందుకే వివరంగా రాస్తున్నాను.

రెగ్యులేటర్‌లో సిలిండర్ వాల్వుకి బిగించే భాగాన్ని ఫస్ట్ స్టేజ్ అంటారు. దానికి రెండు రకాల పోర్టులు ఉంటాయి. హెచ్‌పీ (హై ప్రెషర్) పోర్టులో సిలిండర్‌లో ఎంత ఒత్తిడి ఉంటే అంతా ఉంటుంది, నిండు సిలిండర్ అయితే 200 బార్. ఎల్‌పీ (లో ప్రెషర్) పోర్టుల్లో ఫస్ట్ స్టేజ్ తగ్గించి పంపే గాలి ఉంటుంది, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది పది బార్ ఎక్కువ. మామూలుగా హెచ్‌పీ పోర్టు నుంచి ఒక హోస్ వచ్చి దాని చివర గేజ్ వేలాడుతుంది. ట్రాన్స్‌మిటర్ హోస్ అవసరం లేకుండా పోర్టులోనే కూర్చుని ఒత్తిడి కొలిచి, కొన్ని సెకన్లకోసారి మణికట్టు మీది డైవ్ కంప్యూటర్‌కి పంపుతుంది.

ఎలా పంపుతుందో తెలిస్తే ఏ పక్క బిగించాలో మీకే తోస్తుంది. ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు కొన్ని సెంటీమీటర్లు పోయేసరికే చచ్చిపోతాయి. అందుకే చాలా కంపెనీలు బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ వాడతాయి. షేర్‌వాటర్ కంప్యూటర్లతో నడిచే ట్రాన్స్‌మిటర్లు 38 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగం నీళ్లలో పోతుంది కానీ దూరం పోదు. సుమారు ఒక మీటరు, అంతే. గార్మిన్‌ది వేరే దారి. అది సోనార్ మీద, అంటే శబ్దం మీద నడుస్తుంది, పది మీటర్ల దాకా అందుతుంది, పక్క డైవర్ దగ్గర ఎంత గాలి ఉందో కూడా మీ వాచీలో చూడొచ్చు. మీది రేడియో రకమైతే కంప్యూటర్ ఏ చేతికి కట్టుకుంటారో ఆ పక్క పోర్టుకే ట్రాన్స్‌మిటర్ పెట్టండి. రెండో పక్క పెట్టినా చాలాసార్లు రీడింగ్ వస్తుంది. కానీ కెమెరా పట్టుకుని చెయ్యి ముందుకు చాచినప్పుడు దూరం పెరిగి సిగ్నల్ పోతుంది. ఫ్లాష్ వేసినప్పుడు, నీటి అడుగున నడిపే స్కూటర్ మోటారు దగ్గరున్నప్పుడు కూడా కాసేపు పోతుంది. వెంటనే తిరిగొస్తే కంగారు పడక్కర్లేదు.

మనలో ఎక్కువమంది కంప్యూటర్ ఎడమ చేతికి కట్టుకుంటాం. సిలిండర్ వాల్వు నాబ్ వీపు మీద కుడి పక్కకి వస్తుంది. ఈ రెండు కారణాల వల్ల ఎడమ పోర్టే నాకు నచ్చుతుంది. అవసరమైనప్పుడు కుడి చేత్తో వాల్వు అందుకోవాలంటే దారిలో ఏమీ అడ్డుండకూడదు. ఇప్పుడొచ్చే ఫస్ట్ స్టేజ్‌లలో చాలావాటికి రెండు హెచ్‌పీ పోర్టులు, పక్కకి ఒకటి చొప్పున ఉంటాయి. ఎడమ పోర్టులో గేజ్ హోస్ ఉంటే దాన్ని కుడి పోర్టుకి మార్చి, చంక కింద నుంచి తెచ్చి బీసీడీ డీ-రింగుకి క్లిప్ చెయ్యండి. హోస్ పొడవు సరిపోతుందా, ఎక్కడైనా ముడతపడి విరుగుతోందా చూసుకోండి. సరిపోకపోతే కొంచెం పొడుగు హోస్ కొనడం మేలు, లాగిపెట్టి సరిపెట్టడం వద్దు.

పోర్టు ఎంచుకున్నాక అది ఏ దిక్కు చూస్తోందో గమనించండి. ట్రాన్స్‌మిటర్ ఏడెనిమిది సెంటీమీటర్లు బయటికి వస్తుంది. పైకి చూసే పోర్టుకి పెడితే తల వెనక్కి ఎత్తినప్పుడల్లా తగులుతుంది, పడవలోంచి వెనక్కి దొర్లి దిగేటప్పుడు మొదటి దెబ్బ దానికే. పక్కకి గానీ కాస్త కిందికి గానీ చూసే పోర్టు మంచిది. మరీ కిందికి చూస్తే బీసీడీ పైభాగానికో సిలిండర్ మెడకో ఆనుకుంటుంది. ఆనుకుంటే ఆ భారం మొత్తం సన్నటి మర మీద పడుతుంది కాబట్టి ఒక వేలు దూరేంత ఖాళీ ఉండేలా చూడండి. బీసీడీలో గాలి నింపి కూడా చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎడంగా ఉన్నది నిండాక తగలొచ్చు.

పదిహేను సెంటీమీటర్ల పొట్టి హెచ్‌పీ హోస్ ఒకటి దొరుకుతుంది. దాని ఒక చివర పోర్టుకి, రెండో చివర ట్రాన్స్‌మిటర్‌కి బిగించి, దాన్ని బీసీడీకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ హోస్‌కి సాగే తాడుతో కట్టేస్తారు. ఎవరైనా పట్టుకుని లాగినా హోస్ వంగుతుంది, ట్రాన్స్‌మిటర్ విరగదు. కానీ గాలి కారే అవకాశమున్న జాయింటు ఇంకొకటి చేరుతుంది, కట్టకుండా వదిలేస్తే వేలాడి కొట్టుకుంటుంది. సామాన్లు మీరే సర్దుకుని మీరే మోసుకునేవాళ్లయితే నేరుగా పోర్టుకి బిగించండి. సిలిండర్లు పడవ కుర్రాళ్లు ఎత్తే చోట ఎక్కువగా డైవ్ చేసేవాళ్లకి పొట్టి హోసే మంచిదని నా అభిప్రాయం. జాయింట్లు ఎన్నైనా పరీక్షించి చూసుకోవచ్చు, ఎత్తేవాళ్ల చేతులు మన అదుపులో ఉండవు.

ఇక బిగించే పని. సిలిండర్ వాల్వు మూసి, నోట్లో పెట్టుకునే భాగం, అంటే సెకండ్ స్టేజ్ బటన్ నొక్కి గాలి మొత్తం వదిలి, రెగ్యులేటర్‌ని సిలిండర్ నుంచి విప్పి బల్ల మీద శుభ్రమైన గుడ్డ పరుచుకుని దాని మీద పెట్టండి. ఒత్తిడి ఉండగా ఏ జాయింటుకీ స్పానర్ పెట్టొద్దు. పోర్టు పక్కన లోహం మీద హెచ్‌పీ అని చెక్కి ఉంటుంది, చదివి నిర్ధారించుకోండి. హెచ్‌పీ పోర్టు మర 7/16 అంగుళం, ఎల్‌పీ పోర్టులు ఎక్కువగా 3/8 అంగుళం. ఒకదాని హోస్ ఇంకోదానికి పట్టకూడదని కావాలనే సైజులు వేరు చేశారు. కొన్ని ఫస్ట్ స్టేజ్‌లలో ఒక ఎల్‌పీ పోర్టు 1/2 అంగుళం ఉంటుంది, దాన్ని హెచ్‌పీ అనుకోకుండా జాగ్రత్త. పోర్టు ప్లగ్గుకి ఎక్కువగా 4 ఎంఎం ఆలెన్ కీ పడుతుంది. కీ పూర్తిగా లోపలికి దిగాకే తిప్పండి, సగం దిగిన కీ ప్లగ్గు మూలల్ని నున్నగా అరగదీస్తుంది. ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే గోరువెచ్చని మంచినీళ్లలో నానబెట్టండి. అప్పటికీ రాకపోతే బలం పెట్టకుండా సర్వీస్ టెక్నీషియన్ దగ్గరికి తీసుకెళ్లండి. విప్పిన ప్లగ్గుని దాని ఓ-రింగ్‌తో (గాలి కారకుండా ఆపే రబ్బరు రింగు) సహా చిన్న కవర్లో వేసి సామాన్లలోనే ఉంచుకోండి. ట్రాన్స్‌మిటర్ మొరాయించిన రోజు పోర్టు మూసి డైవ్‌కి వెళ్లాలంటే అదే ఆధారం.

ఓ-రింగ్ దగ్గర తొందరపడొద్దు. హెచ్‌పీ పోర్టుకి వాడేది 012 సైజు. లోపలి వ్యాసం 9.25 ఎంఎం, మందం 1.78 ఎంఎం, గట్టిదనం 90. ఎల్‌పీకి వాడే 011 మందం కూడా అంతే కాబట్టి చూపుకి ఒకేలా కనిపిస్తాయి, కలిపి పెట్టుకోవద్దు. బజార్లో చవగ్గా దొరికే 70 గట్టిదనం రింగు 200 బార్ దగ్గర నలిగి సందులోంచి బయటికి తోసుకొస్తుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ట్రాన్స్‌మిటర్ అడుగున సూదిమొన అంత రంధ్రం కనిపిస్తుంది. గేజ్ హోస్ చివర కూడా అలాంటిదే ఉంటుంది. దాని అవతల ఏది పగిలినా గాలి ఆ సన్నటి దారిలోంచే పోవాలి, కాబట్టి సిలిండర్ ఖాళీ కావడానికి చాలా సమయం పడుతుంది. కానీ పోర్టు ఓ-రింగ్ ఆ రంధ్రానికి ఇవతల ఉంటుంది. అది పోతే ట్రాన్స్‌మిటర్ రంధ్రం మిమ్మల్ని కాపాడదు. అందుకే కొత్త ట్రాన్స్‌మిటర్‌తో వచ్చిన రింగుని కూడా నేను వెలుతురులో చుట్టూ తిప్పి, గోటితో తడిమి చూస్తాను. గాటు, చదును, ఇసుక రేణువు, వెంట్రుక, ఏది కనిపించినా ఆ రింగు పక్కన పడేస్తాను. సిలికాన్ గ్రీజు వేళ్ల మధ్య రాసి రింగుకి మెరుపు వచ్చేంత పూస్తే చాలు. ఎక్కువైతే ఇసుకని పట్టుకుంటుంది, పైగా ఆ సన్న రంధ్రంలో దూరుతుంది. రంధ్రంలో పిన్ను పెట్టి శుభ్రం చెయ్యొద్దు, లోపల సెన్సర్ ఉంది. 40 శాతం దాటిన ఆక్సిజన్ వాడేవాళ్లు సిలికాన్ గ్రీజు వాడకూడదు. ఆ పని ఆక్సిజన్ క్లీనింగ్ తెలిసిన టెక్నీషియన్‌కి వదిలెయ్యండి.

ప్లాంటులో పనిచేసేవాళ్ల చెయ్యి అలవాటుగా టెఫ్లాన్ టేపు వైపు వెళ్తుంది. మా దగ్గర మర సన్నగా మొదలై లావవుతూ పోతుంది, టేపు చుట్టి బిగిస్తే ఆ మరలే గాలిని ఆపుతాయి. ఇక్కడ మర పొడవునా ఒకే లావు. గాలిని ఆపేది ఓ-రింగ్ ఒక్కటే, మర దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. టేపు చుడితే రింగు సరిగా కూర్చోదు. గట్టిగా బిగిస్తే ఎక్కువ ఆగుతుందన్న లెక్క కూడా ఇక్కడ చెల్లదు. మొదట వేళ్లతో తిప్పండి. ముందు అపసవ్యంగా కొంచెం తిప్పితే మర మొదలు దగ్గర టక్కుమని దిగినట్టు తెలుస్తుంది, అక్కడి నుంచి సవ్యంగా తిప్పుకుంటూ వెళ్లండి. చివరిదాకా వేళ్లతోనే నున్నగా వెళ్లాలి. మధ్యలో పట్టేస్తే మర అడ్డంగా ఎక్కుతోందన్నమాట, వెనక్కి విప్పండి. పూర్తిగా ఆనాక అడుగున ఉన్న లోహపు నట్టుకే స్పానర్ పెట్టి చిన్నగా బిగించండి. టార్క్ రెంచి ఉంటే మీ మాన్యువల్‌లో ఉన్న అంకె చూడండి, సాధారణంగా 4, 5 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే స్పానర్‌ని రెండు వేళ్లతో నొక్కితే వచ్చే బలం. ప్లాస్టిక్ ఒంటిని పట్టుకుని మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు, బిగించేటప్పుడూ విప్పేటప్పుడూ కూడా.

ఇప్పుడు సిలిండర్‌కి తగిలించి వాల్వు మెల్లగా తెరవండి. ఒక్కసారిగా తెరిస్తే గాలి చిన్న చోట బలంగా నొక్కుకుని వేడెక్కుతుంది, సెన్సర్‌కి ఆ దెబ్బ మంచిది కాదు. గేజ్ అద్దం ముఖానికి ఎదురుగా లేకుండా పక్కకి తిప్పి పెట్టుకోండి. తర్వాత ఫస్ట్ స్టేజ్‌ని ట్రాన్స్‌మిటర్‌తో సహా మంచినీళ్లలో ముంచి రెండు నిమిషాలు చూడండి. మర సందులో చిక్కుకున్న గాలి మొదట నాలుగు బుడగలుగా వచ్చి ఆగిపోతుంది. ఒకే చోటు నుంచి ఆగకుండా వరసగా వస్తుంటే లీకే. గాలి వదిలి, విప్పి, రింగు మార్చి మళ్లీ చూడండి. ఇంకో చుట్టు బిగించి ఆపాలని చూడొద్దు.

కంప్యూటర్‌తో జత కలపడం కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిటికి ట్రాన్స్‌మిటర్ ఒంటి మీద ముద్రించిన సీరియల్ నంబరు మెనూలో కొట్టాలి, కొన్నిటికి దగ్గర పెడితే చాలు. ఏదైనా ముందు గాలి ఒత్తిడి తగలాలి, అప్పుడే అది నిద్ర లేస్తుంది. నంబరు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, బిగించాక కొన్నిసార్లు అది వెనక్కి తిరిగి కనిపించదు. జత కలిశాక ఒక చిన్న పరీక్ష తప్పకుండా చెయ్యండి. గేజ్, కంప్యూటర్ రెండు అంకెలూ పక్కపక్కన చూడండి, అయిదారు బార్ తేడా మామూలే. తర్వాత వాల్వు మూసి సెకండ్ స్టేజ్ బటన్ కొంచెం కొంచెంగా నొక్కుతూ ముల్లు దిగుతుంటే కంప్యూటర్‌లో అంకె కూడా దిగుతోందా చూడండి. దిగితే ఆ అంకె మీ సిలిండర్‌దే. అద్దె కంప్యూటర్లు కలగాపులగంగా ఉన్న పడవలో పక్కవాళ్ల సిలిండర్ రీడింగ్ చూసుకుంటూ దిగిపోయే ప్రమాదాన్ని ఈ ఒక్క పరీక్ష ఆపుతుంది.

గేజ్ తీసెయ్యొచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. బ్యాటరీ అయిపోతుందన్నది ఒక కారణం. నాకు అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. దిగే ముందు రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని నాలుగు ఊపిరులు తీస్తూ గేజ్ చూడమని మొదటి రోజే నేర్పిస్తారు. వాల్వు కొంచెమే తెరిచి ఉంటే ఊపిరి తీసిన ప్రతిసారీ ముల్లు కిందికి పడి మళ్లీ లేస్తుంది. ట్రాన్స్‌మిటర్ కొన్ని సెకన్లకోసారి మాత్రమే పంపుతుంది కాబట్టి ఆ ఊగడం తెర మీద కనిపించకుండా పోవచ్చు. పడవ మీద ఊపిరి బాగానే వస్తుంది, ఇరవై మీటర్ల లోతులో గాలి చాలదు. అద్దె సిలిండర్ వాల్వు ఎవరు ఎంత తెరిచారో తెలియని చోట నాకు ముల్లు కావాలి. ఫస్ట్ స్టేజ్‌కి ఒకే హెచ్‌పీ పోర్టు ఉంటే నా మాట గేజ్‌నే ఉంచుకోమని.

పడవ మీద మాట్లాడాల్సిన మాట కూడా బిగింపులో భాగమే. చిన్న పడవల్లో చాలామంది నీళ్లలోనే బీసీడీ విప్పి అందిస్తారు. పైనున్న కుర్రాడు వంగి చేతికి దొరికింది పట్టుకుని లాగుతాడు. నల్లగా, గుండ్రంగా, సరిగ్గా చేతిలో ఇమిడే పిడిలా ఉన్నది ట్రాన్స్‌మిటరే. బయల్దేరక ముందే పిలిచి చూపిస్తాను.

“తమ్ముడూ, ఇది పట్టుకుని లేపకు. వాల్వు మెడ దగ్గర పట్టుకో.”

“ఏటన్నా ఇది, కెమెరానా?”

“గాలి ఎంతుందో చెప్పేది. విరిగితే సిలిండర్ గాలంతా అక్కడి నుంచే పోద్ది.”

అలా చెప్పాక జాగ్రత్తగా పట్టుకోని వాళ్లని నేను చూడలేదు. స్వరాజ్ ద్వీప్‌లో డైవ్ షాపు వాళ్లే సిలిండర్లకి రెగ్యులేటర్లు తగిలించి పెడతారు, అక్కడ తగిలించే మనిషికి కూడా చెప్పండి. ట్రాన్స్‌మిటర్ మొదట్లో ఎర్ర టేపు ఒక చుట్టు చుడితే భాష రాని చోట కూడా పనికొస్తుంది.

నీళ్లలో సిగ్నల్ పోతే చెయ్యి ఎడమ భుజం దగ్గరికి తెచ్చి అర నిమిషం ఆగండి, గేజ్ చూసుకోండి. గేజ్ లేకుండా దిగినవాళ్లయితే అక్కడితో డైవ్ ముగించి తోడు డైవర్‌కి సైగ చేసి మామూలు వేగంతో పైకి రావాలి. డిక్సన్స్ పినకిల్ లాంటి లోతు చోట్ల పాత అంకెని బట్టి అంచనా వేసుకుంటూ ఉండిపోకండి. ట్రాన్స్‌మిటర్ మొదట్లో బుడగలు కనిపిస్తున్నాయని తోడు డైవర్ చూపిస్తే, అవి సన్నగా ఉన్నా సరే, అదే పని: ఇద్దరూ కలిసి పైకి.

డైవ్ అయ్యాక గాలి వదిలేస్తే రెండు మూడు నిమిషాల్లో ట్రాన్స్‌మిటర్ తనంతట తానే ఆగిపోతుంది. రెగ్యులేటర్‌తో పాటు మంచినీళ్లలో నానబెట్టి, పోర్టు నుంచి విప్పకుండానే ఆరబెట్టండి. ప్రతిసారీ విప్పి బిగించడం వల్ల రింగు అరగడం తప్ప లాభం లేదు. సంచిలో హోస్‌లు దాని చుట్టూ చుట్టి మధ్యలో పెట్టండి, పైన వెయిట్ బెల్టు పడకూడదు. బ్యాటరీ రకం మోడల్‌ని బట్టి ఉంటుంది. షేర్‌వాటర్ స్విఫ్ట్‌కి సీఆర్123ఏ, పెలాజిక్ కంపెనీ పాత రకాలకి సీఆర్2, రెండూ 3 వోల్టులవి. అదే సైజులో రీచార్జి చేసేవి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటి వోల్టేజీ ఎక్కువ, పెట్టొద్దు. బ్యాటరీ మూతకి కూడా ఓ-రింగ్ ఉంటుంది కాబట్టి మార్చడం ఇంటి దగ్గర, పొడి చేతులతో, ఫ్యాన్ ఆపి చెయ్యండి. అండమాన్ విమానం ఎక్కేటప్పుడు అదనపు లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ లగేజీలో పంపనివ్వరు. ఏటా రెగ్యులేటర్ సర్వీసుకి ఇచ్చేటప్పుడు ట్రాన్స్‌మిటర్ పోర్టు రింగు కూడా మార్చమని చీటీ మీద రాసివ్వండి. మళ్లీ బిగించి ఇచ్చాక అది అదే పక్క, అదే దిక్కు ఉందో లేదో అక్కడే చూసుకుని తెచ్చుకోండి.